లోయ పిలిచింది... మీకు వినిపించిందా?

మీ ఇంట్లో పాటలు ఎవరికోసం మోగుతాయి? ఎప్పుడైనా ఆలోచించారా?

పొద్దున్నే సుప్రభాతం ఇంటి కోసం. ఎనిమిదింటికి శ్రీవారి వార్తలు. సాయంత్రం పిల్లల ఫోన్లలో ఏవో హోరు పాటలు. రాత్రి అత్తగారి సీరియల్ టైటిల్ సాంగు. మరి ఇంటావిడ కోసం? "వంట చేస్తూ అన్నీ వింటూనే ఉంటాంగా" అంటారు చాలామంది. నిజమే, మన చెవిన పడని పాట లేదు. కానీ చెవిన పడ్డం వేరు, కావాలని పెట్టుకుని వినడం వేరు. ఆ రెండోది మనలో ఎంతమందికి ఉంది?

ఈ ప్రశ్న నేను నాకు తెలిసిన ఓ పాతికమంది ఆడవాళ్ళని అడిగాను. సినిమా పాటలన్నవాళ్ళున్నారు, అన్నమయ్య కీర్తనలన్నవాళ్ళున్నారు. విచిత్రమేమిటంటే ఒకరికొకరు పరిచయం లేని నలుగురైదుగురు ఒకే పేరు చెప్పారు. అది పాట కాదు. అందులో మాటలే లేవు. డాన్సు లేదు, హీరో లేడు. దాని పేరు 'కాల్ ఆఫ్ ద వ్యాలీ'. తెలుగులో చెప్పుకోవాలంటే 'లోయ పిలుపు'.

1967లో వచ్చిన రికార్డు అది. అంటే నాకంటే పెద్దది. మా అమ్మ పరికిణీలు కట్టుకునే రోజుల నాటిది. అప్పటి నల్లటి ఎల్పీ రికార్డు తర్వాత క్యాసెట్టయింది, క్యాసెట్టు సీడీ అయింది, ఇప్పుడు అరచేతిలో ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది. ఇన్ని వేషాలు మార్చినా దాని అభిమానులు మాత్రం దాన్ని వదలలేదు. ఇంత నెమ్మదైన సంగీతాన్ని ఇన్నేళ్ళపాటు ఇంతమంది ఎందుకు గుండెకి హత్తుకున్నారు? ఆ సంగతే చూద్దాం.

ముగ్గురు కుర్రాళ్ళు... ఒక గొర్రెల కాపరి

బొంబాయిలో హెచ్ఎంవీ కంపెనీ రికార్డింగుల వ్యవహారాలు చూసే జి.ఎన్. జోషీ స్వయంగా గాయకుడు. మరాఠీ భావగీతాలు పాడి పేరు తెచ్చుకున్నాయన. ఆయన ఆధ్వర్యంలో ఈ రికార్డు తయారైంది. వాయించిన ముగ్గురూ అప్పటికి ముప్పయ్యేళ్ళకి అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ళు. సంతూర్ మీద శివకుమార్ శర్మ, వేణువు మీద హరిప్రసాద్ చౌరసియా, గిటార్ మీద బ్రిజ్‌భూషణ్ కాబ్రా. తబలా మాణిక్‌రావ్ పోపట్కర్.

కథ చాలా చిన్నది. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి. అతని జీవితంలో ఒక్క రోజు. తెల్లారుతుంది, మందని తోలుకుని కొండెక్కుతాడు, మధ్యాహ్నం అవుతుంది, సాయంత్రం పడుతుంది, రాత్రి ప్రియురాల్ని కలుసుకుంటాడు. అంతే! పోట్లాటలు లేవు, విలన్ లేడు. ఈ రోజంతటినీ రాగాలతో చెప్పారు. ఏ పొద్దుకి తగ్గ రాగం ఆ పొద్దుకి.

మొత్తం నలభై నిమిషాలకు అటూ ఇటూ. కుక్కర్ పెట్టి, కూరలు తరిగి, తాలింపు వేసేసరికి రోజు మొత్తం గడిచిపోతుంది, కాపరిదీ మనదీ కూడా!

'ఇది పనికిరాదు' అనిపించుకున్న వాయిద్యాలు

ఇప్పుడు ముగ్గురూ మహా విద్వాంసులని అందరికీ తెలుసు. కానీ ఆ రోజుల్లో వాళ్ళ చేతుల్లో ఉన్న వాయిద్యాల సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది.

సంతూర్ అంటే అక్రోటు చెక్కతో చేసిన పెట్టె. ఒకవైపు వెడల్పు, రెండోవైపు ఇరుకు. దాని మీద నూరు దాకా తీగెలు. అందుకే దాన్ని 'శతతంత్రీ వీణ' అని కూడా అంటారు. రెండు చిన్న చెక్క పుల్లలతో ఆ తీగెల్ని సుతారంగా కొడుతూ వాయిస్తారు. కాశ్మీరులో సూఫీ పాటలకి పక్కవాద్యంగా ఉండేది. దాన్ని కచేరీ వేదిక ఎక్కించాలన్నది జమ్మూలో ఉండే ఉమాదత్ శర్మ గారి కల. ఆ కల కొడుకు శివకుమార్ చేతిలో పెట్టారాయన. 1955లో పదిహేడేళ్ళ కుర్రాడు బొంబాయి వచ్చి సంతూర్ వాయిస్తే జనం చప్పట్లు కొట్టారు గానీ పండితులు పెదవి విరిచారు. ఎందుకంటే మన సంగీతానికి ప్రాణం గమకం. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదకి జారాలి, ఊగాలి. సంతూర్ తీగె మీద పుల్ల పడితే 'టంగ్' మని మోగి ఆగిపోతుంది. ఇక జారడం ఎక్కడిది? "తబలా బాగా వాయిస్తావుగా, ఇదెందుకు" అన్నట్టుగా సలహాలిచ్చారు. ఆయన వినలేదు. తీగెల అమరిక మార్చారు, శ్రుతి చేసే పద్ధతి మార్చారు, చెక్క స్టాండు తీసేసి వాయిద్యాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. పుల్లని తీగెల మీద గలగలా దొర్లించి, తెగిన స్వరాల్ని పూసల దండలా కలిపే విద్య సాధించారు.

ఇక చౌరసియా. అలహాబాదులో తండ్రి మల్లయోధుడు. కొడుకుని తనలాగే వస్తాదుని చేయాలని తండ్రి పట్టుదల. పిల్లాడు తండ్రికి తెలియకుండా దొంగచాటుగా సంగీతం నేర్చుకున్నాడు. కటక్ ఆకాశవాణిలో ఉద్యోగం, అక్కణ్ణుంచి బొంబాయి.

మూడోది గిటార్. కాబ్రా జోధ్‌పూర్ కుటుంబం వాడు. సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టి, తీగెల మీద ఉక్కు కడ్డీని జారుస్తూ రాగాలు పలికించారు. "గిటార్ మీద శాస్త్రీయ సంగీతమా, హవ్వ!" అని నోరు నొక్కుకున్న కాలమది. ఇవాళ ఆ వాద్యానికి కచేరీల్లో ఓ పీట ఉందంటే ఆ దారి వేసినవాళ్ళలో కాబ్రా ముందువరసలో ఉంటారు. మిగతా ఇద్దరికీ వచ్చినంత పేరు మాత్రం ఆయనకి రాలేదు. 2018లో అహ్మదాబాదులో కన్నుమూశారు.

గమనించారా? ఒకటి జానపదుల పెట్టె అన్నారు, రెండోది సినిమా పాటల్లో బిట్లకి సరిపోయే వెదురుముక్క అన్నారు, మూడోది పరాయి దేశపు సామాను అన్నారు. 'నీవల్ల ఏమవుతుంది' అనిపించుకున్న మూడూ ఒకచోట చేరి, ఒకదాని లోటు ఒకటి పూడ్చుకున్నాయి. సంతూర్ చినుకుల్లా రాలుతుంది. చినుకుకీ చినుకుకీ మధ్య ఖాళీలో వేణువు ఊపిరిలా సాగుతుంది. గిటార్ ఆ రెండింటి మధ్యా తడిసిన గడ్డి మీద అడుగు జారినట్టు జారుతుంది. ఆ రికార్డు అందం సగం అక్కడే ఉంది. ఎవరూ ఎవర్నీ మించిపోవాలని చూడరు. ఒకరు పలుకుతుంటే ఇంకొకరు ఆగుతారు. మన ఇళ్ళలో నలుగురు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అలా ఆగేవాళ్ళెందరు చెప్పండి!

రాగాలు తెలియక్కర్లేదు... తెలిస్తే ఇంకా బావుంటుంది

"హిందుస్తానీ మనకేం అర్థమవుతుందండీ" అంటారేమో. మన చుట్టాలే ఉన్నారు అందులో!

మొదట వచ్చేది ఆహిర్ భైరవ్. తెల్లవారుజాము రాగం. మన చక్రవాకానికి దగ్గర. తబలా వెంటనే రాదు. కళ్ళు నులుముకుంటూ లేచినట్టు స్వరాలు ఒక్కొక్కటే మేలుకుంటాయి. అది మెల్లగా నట్ భైరవ్‌లోకి మారుతుంది. అది మన సరసాంగి. పొద్దెక్కింది, పని మొదలైందన్నమాట. ఆ తర్వాత పీలూ. మన కాపి రాగం విన్నవాళ్ళకి ఆ ఛాయ ఇట్టే పట్టుబడుతుంది. ఎండ పడుతున్న మధ్యాహ్నం, అరమోడ్పు కన్నులు. రికార్డులో అక్కడికి ఒక వైపు అయిపోతుంది.

రెండో వైపు తిప్పగానే భూప్. ఇదెవరో కాదు, మన మోహనమే! 'మాయాబజార్' (1957)లో వెన్నెల్లో పడవ మీద పాట గుర్తుందిగా? అదీ మోహనమే. అయిదే స్వరాలు. సాయంత్రం దీపం పెట్టే వేళకి ఇంతకంటే తగిన రాగం ఇంకొకటి లేదనిపిస్తుంది. తర్వాత దేశ్. అది ఉత్తరాది నుంచి వచ్చి మన కచేరీల్లో కూడా స్థిరపడిపోయిన రాగం. రాత్రి, ఎదురుచూపు. చివర పహాడీ. పేరులోనే కొండ ఉంది. కొండ జనం పాటల్లోంచి పుట్టిన రాగం. కాపరి ప్రియురాల్ని కలుసుకున్నాడు, రోజు ముగిసింది.

శాస్త్రం బాగా తెలిసినవాళ్ళలో కొందరికి ఈ రికార్డంటే చిన్నచూపు. "ఒక్కో రాగం గంటసేపు వాయించాల్సింది, ఏడెనిమిది నిమిషాల్లో తేల్చేశారు. ఇదేం సంగీతం, తేలిక సరుకు" అంటారు. సంగీతం టీచరుగా రిటైరైన ఒకావిడ దగ్గర ఈ మాటే ఎత్తాను. హన్మకొండలో ఉంటారావిడ. నవ్వి, "గుమ్మంలో ముగ్గు చూసి లోపలికొచ్చిన చుట్టం తర్వాత ఇల్లంతా చూస్తుంది. ముగ్గే లేకపోతే వీధిలోంచి వెళ్ళిపోతుంది కదమ్మా" అన్నారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లల్లో హిందుస్తానీ వినడం ఈ రికార్డుతో మొదలుపెట్టినవాళ్ళు చాలామందట.

చౌరసియా వేణువు మన తెలుగువాళ్ళకి కొత్తది కూడా కాదు. 1986లో కె. విశ్వనాథ్ తీసిన 'సిరివెన్నెల' చూశారుగా? చూపు లేని హీరో పెదవుల మీద పలికే ఆ వేణువు ఆయనదే. థియేటర్లో కళ్ళు తుడుచుకున్న మన అమ్మలకీ పిన్నులకీ ఆయన పేరు తెలియకపోవచ్చు. ఊపిరి మాత్రం తెలుసు.

ఎవరి లోయ వారిది

అభిమానులంటే మనకి కటౌట్లూ, పాలాభిషేకాలూ, ఈలలూ గుర్తొస్తాయి. ఈ రికార్డు అభిమానులు అలా కనిపించరు. వీళ్ళకి సంఘం లేదు, బ్యానరు లేదు. ఒంటరిగా, చప్పుడు చేయకుండా వింటారు. అడిగితేగానీ చెప్పరు. అడిగితే మాత్రం ఆపరు!

విజయవాడలో బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి రోజూ గంట బస్సు ప్రయాణం చేస్తుంది. "పొద్దున మొదటి వైపు, సాయంత్రం రెండో వైపు వింటానక్కా. ఆఫీసులో మేనేజరూ, ఇంట్లో అత్తగారూ... మధ్యలో బస్సులో నేనూ నా గొర్రెలూ" అంది. దాని నవ్వు చూస్తే ఆ గంట దానికెంత విలువైనదో తెలిసింది.

నా చిన్ననాటి స్నేహితురాలొకతె అమెరికా వెళ్ళి పదిహేనేళ్ళయింది. మొదటి చలికాలం, భర్త ఆఫీసుకి వెళ్ళాక ఇల్లంతా నిశ్శబ్దం, కిటికీ అవతల మంచు. ఏడుపు ఆగేది కాదట. వాళ్ళ నాన్న పెట్టెలో వేసి పంపిన పాటల సీడీల్లో ఇదొకటి. "మంచు అందమైనదని నాకు కిటికీ చెప్పలేదే, ఈ సంగీతం చెప్పింది" అని రాసింది ఒకసారి.

గ్రూప్ పరీక్షలకి చదివే ఒక పిల్ల, పాతికేళ్ళుండవు, ఫోన్‌లో 'చదువుకునేటప్పుడు వినే సంగీతం' అని వెతికితే ఇది తగిలిందట. చదువు కోసం పెట్టుకుంది. ఓ నెల తర్వాత చదువు ఆపి వినడం మొదలుపెట్టింది. "ఏం చేయను ఆంటీ, పహాడీ వచ్చేసరికి పుస్తకం మూసేస్తున్నాను" అంటుంది.

ఇంకొకావిడ చెప్పింది మాత్రం నేను మర్చిపోలేను. తల్లికి క్యాన్సర్. ఇంక మందులు పనిచేయవన్నారు. ఇంటికి తెచ్చేశారు. ఆ చివరి మూడు నెలలూ మంచం పక్కన ఈ సంగీతం మెల్లగా మోగుతుండేదట. "భక్తి పాటలు పెడితే అమ్మ భయపడేది, 'అప్పుడే నాకు పెట్టేస్తున్నారా' అని. సినిమా పాటలు పెడితే చూడ్డానికొచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని మాకు సంకోచం. ఇది పెడితే మాత్రం కళ్ళు మూసుకుని ప్రశాంతంగా పడుకునేది. ఇందులో మాటలు లేవు కదా, ఎవరూ ఏమీ చెప్పరు. అమ్మకి అదే కావాల్సొచ్చింది" అందావిడ. తల్లి పోయాక ఏడాది దాకా ఆవిడ దాన్ని వినలేకపోయింది. సంవత్సరీకాలు అయిన మర్నాడు తనే పెట్టుకుందిట.

చూశారా, ఒక్కటే రికార్డు. ఒకరికి బస్సులో తలుపేసుకున్న గది, ఒకరికి పరాయి దేశంలో నాన్న చెయ్యి, ఇంకొకరికి తల్లి మంచం పక్కన తోడు. మాటలున్న పాటకి ఒక అర్థం ఉంటుంది. ఇందులో మాటలు లేవు కాబట్టి ఎవరి బరువు వాళ్ళు తెచ్చి ఇందులో దించుకోవచ్చు.

అందరికీ నచ్చాలని రూలేం లేదు లెండి. మా అత్తగారు మొదటిసారి విన్నప్పుడు పావుగంట ఓపిక పట్టి, "ఇందాకట్నుంచీ శ్రుతి చూసుకుంటూనే ఉన్నారు, ఇంతకీ పాట ఎప్పుడు మొదలెడతారే?" అన్నారు! ఇప్పటికీ ఆవిడకి అది శ్రుతి చూసుకోవడమే. "మీ గొర్రెలవాడు లేచాడా?" అని వేళాకోళం చేస్తుంటారు. కానీ నేను వింటున్నప్పుడు టీవీ సౌండ్ మాత్రం తగ్గిస్తారు. నాకది చాలు.

మన దేశం వరకే కాదు, విదేశాల్లోనూ దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. హిందుస్తానీ సంగీతంలోకి విదేశీ శ్రోతలకి తలుపు తీసిన రికార్డుల్లో ఇదొకటి. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1968 జనవరిలో బొంబాయి హెచ్ఎంవీ స్టూడియోకి వచ్చి తన 'వండర్‌వాల్ మ్యూజిక్' కోసం రికార్డింగ్ చేసుకున్నప్పుడు వాయించినవాళ్ళలో మన శివకుమార్ శర్మ, చౌరసియా కూడా ఉన్నారు. తర్వాత ఈ ఇద్దరూ 'శివ్-హరి' పేరుతో 'సిల్‌సిలా' (1981), 'చాందినీ' (1989) లాంటి హిందీ సినిమాలకి సంగీతం కూర్చారు. ఆ స్నేహం అలా ఏళ్ళ తరబడి సాగింది.

కాపరి కంటే ముందు లేచిందెవరు?

ఇన్ని మెచ్చుకున్నాక ఒక మాట అడగాలనిపిస్తుంది. తెల్లవారుజామున ఆహిర్ భైరవ్‌తో కాపరి మేలుకున్నాడు, బాగానే ఉంది. అతనికంటే ముందు లేచి పొయ్యి ముట్టించిందెవరు? పాలు పితికిందెవరు? మూటలో రొట్టె కట్టిందెవరు?

కాశ్మీరులో గుజ్జర్లు, బకర్వాలులని పశువుల్నీ మందల్నీ పెంచుకునే జాతులున్నాయి. బకర్వాలులు వేసవిలో మందల్ని తోలుకుని ఎత్తైన పచ్చిక బయళ్ళకి పోతారు, చలికాలానికి కిందికి జమ్మూ వైపు దిగుతారు. ఆ నడకలో ఆడవాళ్ళూ పిల్లల్నెత్తుకుని నడుస్తారు. డేరా వేయడం, నీళ్ళు మోయడం, పాలు తోడెయ్యడం అంతా వాళ్ళ మీదే. రికార్డులో ఆమె రాత్రి ప్రియురాలిగా మాత్రమే వస్తుంది. పగలంతా ఏమైందో మనకి చెప్పరు. చెప్పకపోయినా మనకి తెలుసులెండి!

ఈ ముగ్గురిలో ఒకరి విద్య వెనక కూడా ఓ స్త్రీ ఉంది. చౌరసియా రేడియోలోనూ సినిమాల్లోనూ బాగా సంపాదిస్తున్న రోజుల్లో, తన విద్యలో ఇంకా లోతు కావాలని అన్నపూర్ణాదేవి గారి గడప తొక్కారు. ఆవిడ బాబా అల్లావుద్దీన్ ఖాన్ కూతురు, సుర్‌బహార్ వాద్యంలో అసాధారణ విదుషీమణి. మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక, నేర్చుకున్నదంతా మర్చిపోయి మళ్ళీ మొదట్నుంచీ రమ్మన్నారు. తన పట్టుదల చూపించడానికి చౌరసియా అప్పటిదాకా కుడివైపు పట్టే వేణువుని ఎడమవైపుకి మార్చేశారు! వచ్చిన విద్యని అలా తలకిందులు చేసుకోవడం ఎంత కష్టమో కుడిచేత్తో ముగ్గేసేవాళ్ళు ఒకసారి ఎడంచేత్తో వేసి చూడండి, తెలుస్తుంది. అంతటి గురువు దశాబ్దాల పాటు ఒక్క బహిరంగ కచేరీ కూడా చేయలేదు. బొంబాయిలో ఓ ఫ్లాట్‌లో, మూసిన తలుపుల వెనక, శిష్యులకి పాఠం చెబుతూ ఉండిపోయారు. 1977లో పద్మభూషణ్ వచ్చింది. 2018లో వెళ్ళిపోయారు. చౌరసియా వేణువు వింటున్నప్పుడల్లా నాకు ఆ మూసిన తలుపు గుర్తొస్తుంది.

లోయలో నెత్తురు పడితే...

ఇంకో మాట. ఈ సంగీతంలో ఉన్న కాశ్మీరు ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటుంది. అసలు కాశ్మీరుకి ఆ అదృష్టం లేకపోయింది. 1990లో వేలాది పండిట్ కుటుంబాలు ఇళ్ళకి తాళాలేసి లోయ వదిలాయి. ఉండిపోయినవాళ్ళూ భయం నీడలోనే బతికారు. 2025 ఏప్రిల్ 22న పహల్‌గాం దగ్గర బైసరన్ పచ్చిక బయల్లో ఇరవై ఆరుమందిని కాల్చి చంపారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. సెలవలకని వెళ్ళిన భార్యల కళ్ళెదుటే భర్తలు కూలిపోయారు.

ఆ వారం, పైన చెప్పిన బ్యాంకు అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "అక్కా, వినలేకపోతున్నాను. ఆ పచ్చిక, ఆ గొర్రెలు... అన్నీ అబద్ధం అనిపిస్తున్నాయి" అంది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. కొన్ని రోజులు గడిచాక, ఆ రోజు చనిపోయినవాళ్ళలో ఒక గుర్రపువాడు కూడా ఉన్నాడని చదివాం. యాత్రికుల్ని గుర్రాల మీద తిప్పి పొట్టపోసుకునే స్థానికుడు. వాళ్ళని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. అది తెలిశాక ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "అక్కా, కాపరి అబద్ధం కాదు" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

సంగీతం తుపాకిని ఆపదు. ఆపుతుందని ఎవరూ అనలేదు. కానీ ఒక నేలని మనం చావు వార్తల్లోనే చూడ్డం అలవాటు చేసుకుంటే, అక్కడా పొద్దున్నే లేచి మందని తోలుకుపోయే మనిషి ఉంటాడనీ, అతని కోసం ఎదురుచూసే ఇల్లాలు ఉంటుందనీ మర్చిపోతాం. ఈ రికార్డు ఆ మరుపుని దగ్గరికి రానివ్వదు. అందుకే దీన్ని వినడం తప్పించుకోవడం కాదనుకుంటాను.

2022 మే 10న శివకుమార్ శర్మ ముంబైలో కన్నుమూశారు. ఎనభై నాలుగేళ్ళు. ఆయన పాడె మోసినవాళ్ళలో తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ కూడా ఉన్నారు. చితి దగ్గర ఆయన ఒంటరిగా నిలబడ్డ ఫోటో మీరూ చూసే ఉంటారు. ఒకరి మతం ఒకరికి అడ్డురాని ఆ స్నేహం చూసి ఎంతోమంది కళ్ళు తుడుచుకున్నారు. ఆ జాకిర్ కూడా 2024 డిసెంబర్‌లో వెళ్ళిపోయారు. నల్ల రికార్డులోని వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే, కాపరి మాత్రం రోజూ తెల్లారి లేస్తూనే ఉన్నాడు.

ఎలా వినాలి?

వినడానికి కూడా పద్ధతులా అని నవ్వకండి. నాకు తెలిసిన అభిమానులు చెప్పిన చిట్కాలివి.

తెల్లవారుజామున గానీ, అందరూ పడుకున్నాక గానీ పెట్టుకోండి. మిక్సీ, కుళాయి, టీవీ వీటితో పోటీపడే సంగీతం కాదిది. సౌండ్ తక్కువగానే ఉంచండి. మొదటిసారే మొత్తం వినాలని పట్టుబట్టకండి. భూప్ ఒక్కటి వినండి, తెలిసిన మోహనం కదా, చెయ్యి పట్టుకుని తీసుకెళుతుంది. మర్నాడు పహాడీ. మూడోరోజు మొదట్నుంచీ వినాలని మీకే అనిపిస్తుంది. ఫోన్‌లో వింటున్నప్పుడు పాటల వరస కలగాపులగం చేసే బటన్ నొక్కకండి. పొద్దుపోయాక తెల్లారితే కాపరి ఏమైపోవాలి!

హోటళ్ళలో, బ్యూటీ పార్లర్లలో, యోగా క్లాసుల్లో ఇలాంటి సంగీతం వెనకాల వేస్తుంటారు. వేస్తే తప్పులేదు. అయితే ఒక్కసారైనా దాన్ని వెనకనుంచి ముందుకి తెచ్చుకోండి. చేతిలో పని పక్కన పెట్టండి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, బట్టలు మడతపెట్టడం కూడా వద్దు. ఇదే మనకి అన్నిటికంటే కష్టం. చేతులు ఖాళీగా ఉంటే తప్పు చేస్తున్నట్టుంటుంది. ఎవరైనా చూస్తే 'ఊరికే కూర్చుంది' అనుకుంటారని బెంగ. పాతికమందిలో ఇరవైమంది ఈ మాటే అన్నారు. సంగీతం అర్థం కాక వినకపోవడం కాదు, ఊరికే కూర్చోవడానికి ధైర్యం చాలక వినకపోవడం!

పిల్లలు వచ్చి "అమ్మా, ఏం చేస్తున్నావ్?" అంటే "నిద్రొస్తోంది", "తలనొప్పి" అని సాకులు చెప్పకండి. "సంగీతం వింటున్నాను. నలభై నిమిషాల తర్వాత రా" అనండి. ఇంట్లో ఆడపిల్లలుంటే మరీ గట్టిగా అనండి. అమ్మకి కూడా ఓ నలభై నిమిషాలు ఉంటాయని వాళ్ళు చూసి నేర్చుకోవాలి. ఆ పిల్ల పెద్దదై ఏ ఊళ్ళో ఏ వంటింట్లో ఉన్నా, తనకంటూ ఒక లోయ ఉండాలని అప్పుడు దానికి తెలుస్తుంది.

అన్నం ఓ అరగంట ఆలస్యమైతే ఎవరి ప్రాణమూ పోదు. ఏమంటారు?